రాణి పోర్షన్

మిరియాలు దంచి, శొంఠి కొట్టి, రెండు తమలపాకులు తుంచి వేసి కషాయం కాచడం నా పొద్దుటి పని. మొదట మరిగింది లోటా నిండా ఆయనకు. అందులో తేనె. ఆ పిప్పి మీదనే మళ్ళీ నీళ్ళు పోసి మరిగిస్తే వచ్చేది నాకు. పదహారేళ్ళుగా ఇట్లాగే జరుగుతోంది. ఇద్దరం పాడేవాళ్ళమే. ఒకే తెర ముందు, ఒకే హార్మోనియానికి పాడేవాళ్ళం. పెళ్ళయిన కొత్తలో ఒకనాడు గొంతు పట్టేసి, ముందు లోటాలో నేనొక గుక్క తాగాను. ఆయన చూశాడు. కోప్పడలేదు. "నా గొంతు పోతే సమాజం పోతాది. నీ గొంతు పోతే ఇంకొకరు వస్తారు" అన్నాడు. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా అన్నాడు. ఆ మాటలో తప్పేముందో నాకు అప్పుడు తెలియలేదు. నిజమే కదా అనుకున్నాను కూడా. నాటక సమాజం ఆయనది. తెరలు, కిరీటాలు, పెట్టెలు ఆయనవి. గొంతు ఒక్కటే నాది.

ఆ ఇంకొకరు రావడానికి పదహారేళ్ళు పట్టింది.

"కురిచేడు నుంచి ఒక పిల్ల వస్తా ఉంది" అన్నాడు మొన్న మాఘమాసంలో, తాగిన లోటా కింద పెట్టి. "ఉమామహేశ్వరి. మంచి గొంతు. రాణి పోర్షన్ నువ్వే నేర్పాల దానికి."

"మరి నాకు?"

"చెలికత్తె వేషం ఉంది కదా. గిద్దలూరు ఆట ఒక్కటి నువ్వే చెయ్యి. ఆ ఊరోళ్ళకు నీ ముఖం అలవాటు. ఆ తర్వాత పిల్ల చేస్తాది."

పొయ్యి ముందు నుంచి లేవకుండానే సరే అన్నాను. పిప్పి మీద నీళ్ళు పోశాను. నీళ్ళు మరిగే లోపల ఆయన చొక్కా తగిలించుకుని, కురిచేడు రైలు కోసం స్టేషనుకు పోయే బస్సు ఎక్కడానికి వెళ్ళిపోయాడు. చుట్టుపట్ల ఊర్లలో నన్ను పేరు పెట్టి ఎవరూ పిలవరు. రాణెమ్మ అంటారు. కూరగాయలామె కూడా "రాణెమ్మా, వంకాయలు తీసుకుంటావా" అంటుంది. ఇక ఏమని పిలుస్తారో అని ఒక్క క్షణం అనిపించింది. కషాయం పొంగింది. దించాను.

మాది కొమరోలు పక్కన గొర్రెలు కాసుకునే ఇల్లు. పుట్టినప్పుడు చెంచులక్ష్మి అని పెట్టారు. కొండకు ఈ వైపున నేను కూత వేస్తే ఆ వైపున మేస్తున్న మంద తల ఎత్తేది. మా తిరునాళ్ళలో ఆట కట్టడానికి వచ్చిన సంజీవరావు ఆ కూత విన్నాడు. ఆయన మార్కాపురంలో బట్టల దుకాణం వాళ్ళ పెద్ద కొడుకు. దుకాణం తమ్ముళ్ళకు వదిలేసి నాటకాల వెంట తిరుగుతున్నాడు. ఈ గొంతుకు పద్యం నేర్పిస్తానని మా నాయన అంకన్నను అడిగాడు. ఆటకు పంపేది లేదన్నాడు నాయన. "అట్లయితే పెళ్ళి చేసుకుంటా" అన్నాడు ఆయన. కులం కాదని అటు వాళ్ళూ ఇటు వాళ్ళూ మొత్తుకున్నా వినకుండా తాళి కట్టాడు. నా గొంతు కోసం కులాన్ని కాదన్న మనిషి అని చాలా ఏళ్ళు గర్వపడ్డాను. గొంతు కోసం అనే మాటను విడిగా తీసి చూసుకోలేదు.

మా అత్త అనంతలక్ష్మమ్మ బతికున్న ఐదేళ్ళూ నన్ను వంటింటి గడప దాటి లోపలికి రానివ్వలేదు. నీళ్ళు తోడాలి, అంట్లు తోమాలి, పిండి విసరాలి. అన్నం మాత్రం వసారాలో. "ఆటలో రాణివి. దిగినాక ఎవరివో మర్చిపోబాక" అనేది. మా వైపు మొగుణ్ణి నువ్వనే అంటాం. నేను మొదటిరోజు "నువ్వు తిన్నావా" అని అడిగితే, "వాడేమన్నా నీ గొర్రె అనుకున్నావా" అని వీధిలోకి వినపడేటట్టు అంది. ఆ రోజు నుంచి మీరు. ఆమె పోయాక వంటిల్లు నాకు వచ్చింది. నీళ్ళూ, అంట్లూ, పిండీ ఎక్కడికీ పోలేదు.

నాటక సమాజాల్లో పుస్తకం మొత్తం ఎవరికీ ఇవ్వరు. ఎవరి వేషానికి ఉన్న మాటలు, పద్యాలు వాళ్ళకు కాగితాల మీద ఎత్తి రాసిస్తారు. అది వాళ్ళ పోర్షన్. ఎదుటివాళ్ళు ఏం మాట్లాడతారో అందులో ఉండదు, వాళ్ళ మాటల్లో చివరి రెండు ముక్కలు మాత్రం ఉంటాయి. ఆ ముక్కలు చెవిన పడగానే మనం అందుకోవాలి. నాకు ఆ కాగితాలు కూడా లేవు. చదువు రాదు కాబట్టి ఆయన నోటితో చెప్పేవాడు. తిరగలి తిప్పుతూ నేను పట్టుకునేదాన్ని. రెండుసార్లు వింటే చాలు, పద్యం తిరగలి రాయిలాగా నాలో కూర్చునేది. "దీనికి చదువు రాకపోవడమే మేలైంది. చదివినోళ్ళు పుస్తకం అడుగుతారు" అని ఒకసారి స్నేహితులతో నవ్వుతూ అంటుంటే విన్నాను. నా జ్ఞాపకాన్ని మెచ్చుకుంటున్నాడనుకున్నాను.

మాకు అన్నం పెట్టింది ఒకటే నాటకం. కంభంలో ఎవరో అయ్యవారు రాసి, సొంతంగా అచ్చు వేయించుకుని, పేరు రాకుండానే పోయాడట. రాజు విక్రమసేనుడు చాడీలు నమ్మి రాణి హేమరేఖను పరీక్ష పేరుతో అడవికి పంపుతాడు. పన్నెండేళ్ళు ఆమె అక్కడ కట్టెలు కొట్టి, మునులకు నీళ్ళు మోసి బతుకుతుంది. తప్పు లేదని తేలాక రాజు తానే వెతుక్కుంటూ వస్తాడు. ఏడు పద్యాలు పాడతాడు. ప్రతి ఊర్లో ఆయనకు అక్కడ వన్స్ మోర్ పడేది, పాడిందే మళ్ళీ పాడేవాడు. తర్వాత "ఏలుకొందును, రమ్ము" అని చెయ్యి చాపుతాడు. రమ్ము అనే ముక్క నా చెవిన పడగానే నేను ఆయన కాళ్ళ మీద పడాలి. తెర.

మొదటి ఏడాది ఒకసారి అడిగాను, "పన్నెండేళ్ళు అడవిలో ఉండి వచ్చింది కదా, రాణి ఏమీ అనదా?" అని.

"పతివ్రత ఏమీ అనదు. అందుకే పతివ్రత అయింది" అన్నాడు.

ఎన్ని ఊర్లలో ఆయన కాళ్ళ మీద పడ్డానో చెప్పలేను. కొన్నిచోట్ల బల్లల మీద మేకులు పైకి లేచి ఉండేవి. మోకాళ్ళు చూసుకుంటే కొన్ని ఊర్లు గుర్తొస్తాయి.

మూడో ఏడు ఆడపిల్ల పుట్టింది. రెండు నెలలు నిండకముందే కొనకనమిట్లలో ఆట. పిల్లను అత్త దగ్గర వదిలి వెళ్ళాను. అడవి సీనులో పద్యం మధ్య పాలు చేపుకొచ్చి రవిక తడిసింది. ముందు వరసలో మగవాళ్ళు ఈల వేశారు. రాగం ఆపకుండా పమిట లాక్కున్నాను. తెర పడ్డాక ఆయన "ఇట్లాంటివి ముందే చూసుకోవాల. జనానికి పద్యం మీద ధ్యాస పోయింది" అన్నాడు. ఇంటికి వచ్చేసరికి పిల్ల ఒళ్ళు కాలుతోంది. తొమ్మిదో రోజు పోయింది. పదకొండో రోజు ఇంకో ఊర్లో ఆట ఒప్పుకుని ఉన్నాడు. ఆ రోజు అడవి సీనులో నేను ఏడిస్తే జనమంతా ఏడ్చారు. "ఈ రోజు బాగా చేసినావు" అన్నాడు. పదహారేళ్ళలో ఆయన నన్ను మెచ్చుకున్న మాట అదొక్కటే. ఇప్పటికీ ఎవరైనా బాగుందంటే నాకు ఆ రోజే గుర్తొస్తుంది.

వానాకాలం ఆటలుండవు. సమాజంలో పదిమంది ఉంటారు, తినకుండా ఉండలేరు కదా. అట్లా నాలుగు వానాకాలాలు నేను పలకల కార్ఖానాకు వెళ్ళాను. మార్కాపురంలో ఆడవాళ్ళకు అదొక్కటే దొరికే పని. రాయిని పొరలుగా చీలుస్తారు, కోస్తారు, మేము నున్నగా రుద్దుతాం. బూడిద రంగు దుమ్ము తల మీద, రెప్పల మీద, నాలుక మీద పేరుకుంటుంది. సాయంత్రం ఉమ్మితే పలక రంగు. ఆయన్ను కూడా రమ్మని ఎవరో అంటే, "నా గొంతుకు దుమ్ము పడదు" అన్నాడు. నాలుగో వానాకాలం అయి ఆటలు మొదలయ్యాక పై స్థాయిలో నా గొంతు చీలింది. హార్మోనియం ఎప్పుడూ ఆయన శృతికే పెట్టి ఉండేది. "ఒక మెట్టు దించితే అందుకుంటాను" అన్నాను. "నీ కోసం నేను బావిలోకి దిగి పాడాల్నా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఎన్ని వేల పలకలు రుద్దానో తెలియదు. ఒక్క దాని మీద ఒక్క అక్షరం రాయలేదు. కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు పోయిన మరుసటి ఏడు, మా తాలూకాలో బ్లాకు ఆఫీసు తెరిచారు. గ్రామసేవికగా హైమావతి అనే అమ్మాయి వచ్చి మా పక్క వాకిట్లో అద్దెకు దిగింది. మధ్యాహ్నాలు పది మంది ఆడవాళ్ళను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించేది. మొదటిరోజు నా చేతికి పలక ఇచ్చింది. వేలితో తడిమి చూసి, "అంచు దగ్గర సరిగా రుద్దలేదమ్మా ఇది" అన్నాను.

హైమావతి పగలబడి నవ్వింది. "పలక సంగతి నీకు తెలిసినంత నాకు తెలీదులే అక్కా. దాని మీద రాసే సంగతి నేను చెప్తా, నేర్చుకో" అంది.

పద్యాలు పట్టుకున్న బుర్ర కాబట్టి అక్షరాలు తొందరగానే వచ్చాయి. ఆయనకు చెప్పలేదు. దాచాలని కాదు, ఆయన అడగలేదు. మొదటిసారి నా అంతట నేను చదివింది బజారు గోడకు అంటించిన మా నాటకం కరపత్రం. కొత్త కరపత్రం అచ్చయి వచ్చినప్పుడల్లా ఆయన నాకు చదివి వినిపించేవాడు: "రాణి హేమరేఖగా గానకోకిల చెంచులక్ష్మి." గోడ దగ్గర నిలబడి కూడబలుక్కున్నాను. పైన పెద్ద అక్షరాల్లో ఆయన పేరు. కింద, "ప్రసిద్ధ నటీమణులు పాల్గొందురు." మళ్ళీ మొదటి నుంచి చదివాను. చివర ప్రెస్సు పేరు కూడా చదివాను. నా పేరు లేదు. అబద్ధం చెప్పాల్సిన అవసరం కూడా ఆయనకు లేదు, నేనెప్పుడూ నా పేరు వేశారా అని అడగలేదు. వింటున్నప్పుడు నా ముఖం వెలగడం చూడ్డానికి చెప్పేవాడేమో. లేకపోతే అంత సులువుగా వెలిగే ముఖాన్ని చూసి నవ్వుకోవడానికో. ఏదో నాకు ఇప్పటికీ తెలియదు. తెలియకపోవడమే ఎక్కువ నొప్పి.

అందుకే ఆయన కురిచేడు వెళ్ళిన ఆ పొద్దున, నా వంతు కషాయం తాగి, కిరీటాల పెట్టె తెరిచాను. అడుగున ఎర్ర గుడ్డలో నాటకం పుస్తకం ఉంది. దొంగతనంగా వెతికిందేమీ కాదు. ఏటా ఆ పెట్టెను ఎండకు పెట్టి, ఆ పుస్తకాన్ని దులిపి, మళ్ళీ గుడ్డలో చుట్టి పెట్టేది నేనే.

చివరి పేజీలు తీశాను. రాజు పద్యాలు ఏడు. "ఏలుకొందును, రమ్ము." దాని కింద రాణి కాళ్ళ మీద పడినట్టు లేదు. రాణికి ఒక పద్యం ఉంది. దాని మీద అడ్డంగా ఎర్ర పెన్సిల్ గీత. గీత కింద అక్షరాలను వేలితో ఒత్తుకుంటూ చదివాను. నాలుగు పాదాలకు పొద్దు నడినెత్తికి వచ్చింది.

నన్ను శోధించి చూచితి నాడు నీవు,
ఏండ్లు పండ్రెండు వనిలోన నిట్లు గడిచె;
నిన్ను శోధింప నెవ్వరు నిలిచిరయ్య?
చెప్పు మొకమాట, వచ్చెద శిరము వంచి.

దాని కింద బ్రాకెట్లో చిన్న అక్షరాలు: రాజు మౌనముగా నుండును. తెర.

నేను ఏడవలేదు. ఒకటే లెక్క మనసులో తిరిగింది. ఈ పద్యానికి కావాల్సిన గొంతు నాకు ఇరవై రెండేళ్ళప్పుడు ఉండింది. కొండ అవతల మంద తల ఎత్తే గొంతు. పిల్ల పోయాక వేసిన ఆ ఆటలో ఈ పద్యం నా నోట్లో ఉండి ఉంటే ఏమయ్యేదో. అత్త వసారాలో అన్నం పెట్టిన రోజు ఉండి ఉంటే. అన్నేళ్ళు అది నా చేతుల కిందే, ఎర్ర గుడ్డలో పడి ఉంది. దులిపి దులిపి పెట్టాను. ఇప్పుడు పద్యం దొరికింది, గొంతు లేదు.

సాయంత్రం మా హార్మోనిస్టు ఏబేలన్న హార్మోనియం పెట్టె తోలు తిత్తి కుట్టుకుంటూ కనబడితే దగ్గర కూర్చున్నాను. ఆయన చిన్నప్పుడు చర్చిలో నేర్చుకున్నవాడు, సమాజం పుట్టినప్పటి నుంచి ఉన్నవాడు. "అన్నా, చివర్లో రాణికి పద్యం ఉందా?" అని అడిగాను.

సూది ఆగింది. "ఉన్నది లచ్చుమమ్మా. నీకు ముందు వేసిన ఆమె రెండు ఆటల్లో పాడింది. రెండు చోట్లా ఆమెకే వన్స్ మోర్ కొట్టినారు. సంజీవరావు నోరు మూసుకొని నిలబడాల్సి వచ్చింది. మూడో ఆటకు ఆ పద్యమూ లేదు, ఆమే లేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదమ్మా" అన్నాడు. అని, తనకే ఆ మాట నచ్చనట్టు తల దించుకున్నాడు. "అడిగినా చెప్పేవాణ్ణో లేదో. నా పెట్టె కూడా ఆయనదే కదా."

మర్నాడు ఉమామహేశ్వరి వచ్చింది. పద్దెనిమిదేళ్ళు ఉంటాయి. మెడలో పూసలదండ, చేతిలో గుడ్డసంచి. తండ్రి లేడు, తల్లి కూలికి పోతుందట. చదువు రాదు. ఆ పిల్ల ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖం చూశాను. నిమ్మళంగా ఉన్నాడు. మరుసటి పొద్దున కషాయం మూడు లోటాలైంది. రెండో లోటా ఉమకు ఇమ్మన్నాడు. దానిలోనూ తేనె వెయ్యమన్నాడు.

ఆ పిల్ల మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. తిరగలి దగ్గర కూర్చుంటే తానే వచ్చి ఎదురు పిడి పట్టుకునేది. నేను ఒక పాదం చెబితే వెంటనే అందుకునేది. గొంతు బావి నీళ్ళలాగా ఉండేది. ఇరవై రోజుల్లో పోర్షన్ అంతా వచ్చేసింది. చివరి సీను చెప్పిన రోజు, రమ్ము అనగానే కాళ్ళ మీద పడాలని చూపించాను. పిల్ల తిరగలి ఆపింది.

"అత్తా, పన్నెండేళ్ళు అడవిలో ఉండి వచ్చింది కదా. ఒక్క మాట కూడా అనదా?"

పతివ్రత ఏమీ అనదు, అందుకే పతివ్రత అయింది. ఆ మాట నా నోటి చివరిదాకా వచ్చింది. ఆయన గొంతుతోనే వచ్చింది. పోర్షన్‌తోపాటు అది కూడా నాకు కంఠస్థం వచ్చి ఉంది. పళ్ళ వెనక దాన్ని ఆపుకుని పిల్ల ముఖం చూశాను. ఆ పిల్లకు పద్యం చెప్పేస్తే ఒక పని అయిపోతుంది, బంగారంలాంటి గొంతుతో పాడుతుంది. కానీ మరునాడు ఆమె ఉండదు. ఎర్ర పెన్సిల్ మళ్ళీ ఉంటుంది. నేను మోయాల్సిన దాన్ని కూలివాళ్ళ పిల్ల నెత్తిన పెట్టడం నాకు చేతకాలేదు.

"గిద్దలూరు ఆట చూడు. నేను చేసేది చివరిదాకా చూడు" అన్నాను.

"చూస్తాలే. నిద్ర పోతే లేపు" అంది నవ్వుతూ.

గిద్దలూరుకు రైల్లో వెళ్ళాం. నా వేషాల మూటలో రెండు చీరలు, పలక పెట్టుకున్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు. కొమరోలులో మా అన్న చిన్నయ్య ఉన్నాడు. పొమ్మనడు, ఉండమనీ అనడు. గొర్రెలున్నాయి. గిద్దలూరు నుంచి పొద్దున ఆరున్నరకు బస్సు. వెళ్ళే ముందు రోజు హైమావతితో చెబితే, కొమరోలులో కూడా ఆడవాళ్ళకు తరగతి పెడతారని, కాగితం రాసి పంపుతానని అంది. నేను ఆశ పెట్టుకోలేదు. పలక మాత్రం పెట్టుకున్నాను.

అద్దం ముందు రంగు వేసుకుంటూ ఏబేలన్నను పిలిచి, "చివర్లో శృతి నా గొంతుకు అందే చోట పెట్టన్నా" అన్నాను. ఆయన అద్దంలో నా ముఖం ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

చివరి సీను వచ్చేసరికి తూరుపు తెల్లబడింది. పెట్రోమాక్స్ లైట్ల వెలుగు పలచబడి, ఎదురుగా కూర్చున్నవాళ్ళ ముఖాలు మాకు, మా రంగు పగుళ్ళు వాళ్ళకు కనబడుతున్నాయి. జనం సగం లేచిపోయారు. మిగిలినవాళ్ళలో మగవాళ్ళు దుప్పట్లు కప్పుకుని ఉన్నారు, ఆడవాళ్ళు పిల్లలను ఒళ్ళో పడుకోబెట్టుకుని ఉన్నారు. ఆయన ఏడు పద్యాలు పాడాడు. ఐదో దానికి వన్స్ మోర్ పడింది, మళ్ళీ పాడాడు. కషాయం బాగా పనిచేసింది. చెయ్యి చాపాడు.

"ఏలుకొందును, రమ్ము."

నేను నిలబడ్డాను.

"కాళ్ళు" అన్నాడు పెదవులు కదపకుండా. మరిచిపోయాననుకున్నాడు. "ఏమే, కాళ్ళు."

నేను ఏబేలన్న వైపు చూశాను. ఆయన పెట్టె మీద వేళ్ళు జరిగాయి. శృతి దిగింది. నా శృతి. పదహారేళ్ళలో మొదటిసారి ఆ పెట్టె నా గొంతు కోసం పలికింది. అంత కిందికి దిగినా మొదటి పాదంలోనే గొంతు చీలింది. పలక మీద మేకుతో గీసినట్టు వచ్చింది. సిగ్గేసింది. ఈ పద్యం ఇట్లా కాదు పాడాల్సింది. రాగం వదిలేశాను. ఉన్న గొంతుతో ఒక్కో మాటను, పుస్తకంలో వేలితో ఒత్తుకుని చదివినట్టే, ఒత్తి ఒత్తి చెప్పాను. నిన్ను శోధింప నెవ్వరు నిలిచిరయ్య. దుప్పటి కప్పుకున్న ఒకాయన "ఏంది, కొత్త పద్యమా" అన్నాడు. పక్కనున్న ముసలామె "ఊరుకో, విననీ" అంది. తెర పక్కన ఉమ నిలబడి ఉంది. ఆమె పెదవులు కదులుతున్నాయి. రెండుసార్లు వినాల్సిన పని లేదు ఆ పిల్లకు.

చివరి పాదం అయిపోయింది. వన్స్ మోర్ ఎవరూ అనలేదు. చప్పట్లు కూడా లేవు. ఒళ్ళో పిల్లలున్న ఆడవాళ్ళు నా వైపు చూడటం మానేసి ఆయన వైపు చూస్తున్నారు. ఏం చెబుతాడా అని.

ఆయన నోరు తెరిచాడు. ఆయన పోర్షన్‌లో దీనికి మాట లేదు. తెర లాగే మనిషి తాడు పట్టుకుని ఆయన సైగ కోసం చూస్తున్నాడు. నేను ఆయన కళ్ళలోకి చూశాను, ఆయన రంగు కింద ముఖం కూడా కనబడింది. మా పిల్ల పోయిన రోజు కనబడని ముఖం. పద్యంలో చెప్పినట్టు ఒక్క మాట చెబితే తల వంచడానికి నేను నిజంగానే సిద్ధంగా ఉన్నాను. అది ఎవరూ నమ్మరు. మూటలో చీరలు పెట్టుకున్నదాన్ని, బస్సు వేళ అడిగి పెట్టుకున్నదాన్ని, అయినా నిలబడి ఎదురుచూశాను. ఒక్క మాట.

స్టేషను వైపు నుంచి పొద్దుటి రైలు కూత వినిపించింది. ఏబేలన్న నా శృతిని ఆపకుండా పట్టుకునే ఉన్నాడు.

రాజు మౌనంగా ఉన్నాడు. పుస్తకంలో రాసినట్టే.